మూత తొట్టి దిగిన పర్వతాలు

మా మామ పర్వతాలు పిరికివాడు. ఇది నేను తిట్టుగా రాస్తున్న మాట కాదు. కేతేపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో పాత బావుల పూడిక తీసేవాళ్ళను ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. అయినా బావిలో మట్టి నిండిందంటే రైతులు ముందు ఆయన ఇంటికే మనిషిని పంపేవాళ్ళు. ఆయన ముఠాలో ఎవడూ బావిలో చావలేదు మరి. మిగతా ముఠాలన్నింటిలో ఎవడో ఒకడు చచ్చినవాడున్నాడు.

బావి దగ్గరికి పోయాక ఆయన చేసే తంతు చూస్తే నవ్వు వచ్చేది. మొదట ఒడ్డున కూర్చుని బావిలోకి తొంగి చూసేవాడు. కుక్క ఏదైనా పడి చచ్చిందా, ఎన్నేళ్ళ నుంచి వాడకంలో లేదు అని రైతు ప్రాణం తోడేవాడు. కందిలి వెలిగించి తాడుతో అడుగుదాకా దించేవాడు. దీపం నిలిచి వెలిగినా దిగేవాడు కాదు. వేపమండలు మోపు కట్టి, దాన్ని పైకీ కిందికీ ఆడించి లోపలి గాలిని కలిపేవాడు. వాసన పూర్తిగా పోయేదాకా ఆగేవాడు. అప్పుడు మైసమ్మకు దండం పెట్టి, నడుముకు మోకు తనే కట్టుకుని, ముడిని పదిమంది చేత గుంజించి చూసుకునేవాడు. దిగాక కూడా పైవాళ్ళు పిలుస్తూ ఉండాలి, తను పలుకుతూ ఉండాలి. పలుకు ఆగితే మోకు గుంజాలి. పైనున్నవాడు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కిందికి దిగకూడదు.

"పర్వతాలు శోభనం గదిలకు గూడ కందిలి దించి చూసినంకనే పోయిండట" అని మా ఊరివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. మా అత్త సత్తమ్మ ఊరుకునేది కాదు. "ఔ, చూసిండు. మీ లెక్క కండ్లు మూసుకొని దుంకలే" అనేది.

ఆ పిరికితనం ఊరికే రాలేదు. చిన్నప్పుడు ఆయన తండ్రి ఒక పాడుబావిలో దిగి పడిపోతే, తీయడానికి చిన్నాయన దిగాడు. ఇద్దరూ లేవలేదు. పైన ఒడ్డు మీద మిగిలింది మామ ఒక్కడే. ఆ తర్వాత ఆయన పెట్టుకున్న నియమాలన్నీ ఆ రోజు నుంచి పుట్టినవే.

ఎనభైల్లో కరువులు వరసగా వచ్చాయి. బావులు అడుగంటాయి. డబ్బున్నవాళ్ళు బోర్లు వేయించుకున్నారు, లేనివాళ్ళు బావులను వదిలేశారు. పూడిక తీయమనే వాడే లేకుండా పోయాడు. అప్పటికే నల్లగొండ పక్కన, పానగల్ దాటాక వచ్చే నూనె మిల్లులో మా అత్త పల్లికాయ ఏరే పని చేస్తోంది. ఆమే మామను అక్కడ పెట్టించింది. డిగ్రీ మధ్యలో వదిలేసి ఇంట్లో తిట్లు తింటున్న నన్ను కూడా "ఇంట్ల పండి ఏం జేస్తవు, నడువు" అని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది.

నూనె మిల్లు అంటే నూనె ఒక్కటే అనుకుంటారు జనం. నూనెకంటే ఎక్కువ బయటికి వచ్చేది నీళ్ళు. నూనెను శుభ్రం చేయడానికి కాస్టిక్ సోడా కలుపుతారు. అడుగున సబ్బులాంటి మడ్డి దిగుతుంది. నూనెను వేడినీళ్ళతో కడుగుతారు. ఆ మడ్డిలో ఇంకా మిగిలిన జిడ్డును రాబట్టడానికి గంధకం ఆసిడ్ పోస్తారు. ఈ కడుగునీళ్ళన్నీ మొదట్లో వెనక వాగులోకి వదిలేవాళ్ళు. గొర్రెలు ఆ నీళ్ళ దగ్గర మూతి పెట్టి, వెనక్కి తిరిగి పోయేవి. గొర్రెల కాపర్లు వచ్చి గేటు ముందు కూర్చున్నారు. సర్కారు నుంచి నోటీసు వచ్చింది. తొంభైల మొదట్లో మిల్లువాళ్ళు వెనక జాగాలో నీళ్ళు శుద్ధిచేసే తొట్లు కట్టించారు.

మొదటిది జిడ్డు తొట్టి. తేలిన జిడ్డును పైనుంచి తీసేయడమే అక్కడి పని. రెండోదాంట్లో సున్నం, పటిక కలిపి మురికిని అడుక్కు దించుతారు. అది నా పని. మూడోది మూత తొట్టి. లోతుగా తవ్వి, పైన సిమెంటు పలకలు కప్పారు. నీళ్ళు అందులో కొన్నాళ్ళు మాగితే మిగిలిన జిడ్డును కంటికి కనిపించని పురుగు తినేస్తుందని ఇంజనీరు చెప్పి పోయాడు. తర్వాత నీళ్ళు బయటి మడుగుల్లోకి పోతాయి.

మామ పని జిడ్డు తొట్టి దగ్గర. పొడుగు కర్రకు కట్టిన చిల్లుల పళ్ళెంతో తేలినదాన్ని తీసి డ్రమ్ముల్లో నింపేవాడు. ఆ పని ఆయనకు నచ్చింది. ఆకాశం కనిపించే నీళ్ళంటే ఆయనకు భయం లేదు. మూత తొట్టి మీద మాత్రం కాలు పెట్టేవాడు కాదు. అందరూ పలకల మీదుగా అడ్డంగా నడిచిపోతే ఆయన చుట్టు తిరిగి వచ్చేవాడు.

బాయిలర్ దగ్గర పనిచేసే బాబా మియా పెద్దాయన. ఆయన బీడీ వెలిగించుకుంటూ, "అరే పర్వతాలూ, లోపట జిన్ను గిన చూసినవా ఏంది?" అనేవాడు.

"చూస్తే ఇంత ఫికర్ ఎందుకు మియా? ఏమున్నదో తెల్వకనే గదా" అనేవాడు మామ.

ఆ ఏడు చలి గట్టిగా పడింది. మిల్లులో ఒక యంత్రం చెడిపోయి కొన్నాళ్ళు పని ఆగింది. తొట్లలో నీళ్ళు కదలకుండా నిలిచిపోయాయి. చలికి జిడ్డు వనస్పతిలా గడ్డకట్టింది. మిల్లు మళ్ళీ మొదలై కొత్త నీళ్ళు వచ్చేసరికి మూత తొట్టి నుంచి బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంది. నీళ్ళు వెనక్కి తన్ని, గట్టు దాటి, పక్క చేలో పడ్డాయి. ఆ వారంలోనే సర్కారు వాళ్ళు చూడ్డానికి వస్తున్నారని మేనేజర్ అమరేందర్ సారుకు కబురొచ్చింది. కొత్త నీళ్ళు ఆపించి, తొట్టిలో నిలిచినవాటిని మోటారుతో తోడించాడు. అడుగున బురద, దాని కింద మూసుకుపోయిన గొట్టం మిగిలాయి.

"పర్వతాలూ, బావులల్ల దిగినోనివి. నువ్వు గాక ఇంకెవలు దిగుతరు?" అన్నాడు సారు.

"నేను దిగ సారూ. నాకు భయం."

మామ అంత సూటిగా అనేసరికి సారు, "సరే, అడ్డా మీది కూలోళ్ళను తోలుకొస్త. వాళ్ళు మోకు గీకు అడగరు" అన్నాడు.

మామ ముఖం మారిపోయింది. అడ్డా మీది కూలివాళ్ళు అంటే ఏమిటో ఆయనకు తెలుసు. పొద్దున్నే నిలబడి ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట పోయే మనుషులు. దిగమంటే దిగుతారు. ఆయన చేతుల జిడ్డు తుడుచుకుని, "రేపు పొద్దుగాల దిగుత. నా పద్ధతిల దిగుత" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మా అత్త గోల గోల చేసింది. "ఆ కూలోళ్ళకు లేని భయం నీకెందుకు? నీకు లేని తెగువ ఇయ్యాల యాడికెంచి వచ్చింది?" మామ అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు. తినలేదు. ఆయన మెడ మీద చెమట పట్టింది, అంత చలిలోనూ.

తెల్లారి ఎండ ఎక్కాక పలక లేపాం. నలుగురు పట్టి పక్కకు జరిపేసరికి లోపలి నుంచి కంపు కొట్టింది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. కళ్ళు మండాయి. బాబా మియా రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "యా అల్లా" అంటూ వెనక్కి జరిగాడు.

మామ తన తంతు మొదలుపెట్టాడు. కందిలి దించాడు. దీపం నిలిచి వెలిగింది, వణకను కూడా లేదు. వేపమండల మోపు ఆడించాడు. మేమందరం తొట్టి మొహం చుట్టే కూర్చుని చూస్తున్నాం. కొంతసేపటికి కంపు తగ్గింది. ఇంకొంతసేపటికి నాకు ఏ వాసనా తెలియలేదు. బాబా మియా కూడా రుమాలు తీసేశాడు.

"పోయిందా?" అని అడిగాడు మామ అందరినీ ఒక్కొక్కరిగా.

పోయిందన్నాం.

అప్పుడే మా అత్త సద్దిగిన్నె పట్టుకుని వచ్చింది. ఇంకా దూరంలో ఉండగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అబ్బ, ఏం కంపు! గిక్కడెట్ల కూసున్నరు మీరు?" అంది.

అందరం నవ్వాం. "నీ ముక్కుకే వస్తాంది అత్తా. మాకెవలకు లేదు" అన్నాను నేను.

"పల్లికాయ దుమ్ముల ఉండి ఉండి నీ ముక్కు పాడైంది" అన్నాడు మామ. అనడమే కాదు, నవ్వాడు. దిగే ముందు ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. రాత్రి నుంచి పట్టిన చెమట ఆరిపోయింది. దీపం వెలుగుతోంది, వాసన లేదు, చిన్నప్పటి నుంచి నమ్ముకున్న రెండు గుర్తులూ మంచి చెప్పాయి. ఆయనకు భయం పోయింది.

నిచ్చెన దించాం. మోకు కట్టుకుని, గడ్డపార పట్టుకుని దిగాడు. నేను, బాబా మియా, ఇంకో ఇద్దరు మోకు పట్టుకున్నాం. గొట్టానికి అడ్డంగా తెల్లగా గడ్డకట్టిన జిడ్డును ఆయన పొడవడం వినిపిస్తోంది.

"మామా!"

"ఊ."

పొడిచినప్పుడల్లా అడుగున బురద కదిలి, బుడబుడమని చప్పుడు వస్తోంది.

"మామా!"

"ఊ. మంచిగున్నది."

ఆ మాట తీరు నాకు తేడాగా అనిపించింది. నిద్ర మత్తులో పలికినట్టు ఉంది. మళ్ళీ పిలిచాను. పలకలేదు. గడ్డపార దేనికో తగిలి మోగింది. తొంగి చూస్తే మామ మోకాళ్ళ మీద కూర్చుని, తల గోడకు ఆనించి ఉన్నాడు. పక్కన కందిలి వెలుగుతూనే ఉంది.

"గుంజుండ్రి!" అని అరిచాను.

గుంజాం. మోకు రాలేదు. మా చేతులు జారి వెనక్కి వచ్చాయి. మిల్లులో పనిచేసే వాళ్ళ చేతులు, పట్టుకునే తాళ్ళు, వేసుకునే బట్టలు అన్నీ జిడ్డే. మోకు అరచేతుల్లోంచి పాములా జారిపోతోంది. ఒక జానెడు పైకి వస్తే రెండు జానలు కిందికి పోతోంది. మాలో ఒకాయన మోకు వదిలేసి, "నే దిగుత" అని నిచ్చెన మీద కాలు పెట్టాడు. బాబా మియా.

మా అత్త వెనకనుంచి ఆయన అంగీ కాలర్ పట్టుకుని లాగి కింద కూలేసింది. "నువ్వు దిగితే నిన్ను ఎవలు గుంజాలె?" అని అరిచింది. అరిచి, బాయిలర్ వైపు పరుగెత్తింది. పల్లిపొట్టు బూడిద తట్టనిండా ఎత్తుకొచ్చి మా చేతుల మీద, మోకు మీద కుమ్మరించింది. కొంచెం వేడిగా ఉంది బూడిద. అరచేతులు కాలాయి. పట్టు దొరికింది.

మామ పైకి వచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. నోట్లో నురుగు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద గుద్దాం, మిల్లు లారీలో వేసుకుని దవాఖానకు పోయాం. దారి పొడుగునా మా అత్త ఆయన ముక్కు దగ్గర చేయి పెట్టి, ఊపిరి తగలగానే "ఉన్నడు", "ఉన్నడు" అంటూ వచ్చింది. ఒకచోట చాలాసేపు ఆ మాట అనలేదు. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. మళ్ళీ "ఉన్నడు" అంది.

ఆయన బతికాడు. దవాఖానలో డాక్టరు విషయం విని నెత్తి పట్టుకున్నాడు. "బాయిల ఉండే చెడుగాలి వేరు, ఈ గాలి వేరు. అది దీపాన్ని ఆర్పుతది. ఇది ఆర్పదు. ముందు ముక్కును చంపుతది, తర్వాత మనిషిని. వాసన పోయిందంటే గాలి పోయిందని కాదు, మీ ముక్కు పోయిందని" అన్నాడు. దూరం నుంచి వచ్చిన మా అత్తకు ఎందుకు కంపు కొట్టిందో అప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చాక మామ చాలా రోజులు మంచం దిగలేదు. తలనొప్పి, తడబాటు. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "అల్లుడా, మా నాయిన లోపట ఎంత తండ్లాడిండో అని ఇన్నేండ్లు అనుకున్న. ఏం లేదు. నిద్రొచ్చింది, గంతే. జర భయం గూడ కాలే. గదే నాకు భయమైతాంది" అన్నాడు.

గొట్టం సగమే తెరుచుకుంది. మళ్ళీ మూసుకుపోయింది. అమరేందర్ సారు ఈసారి గుత్తేదారును పిలిచాడు. పర్వతాలు ఊరికే కాలు జారి పడ్డాడని మాత్రమే చెప్పాడట. గుత్తేదారు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఎల్లయ్య అనే మనిషిని, ఇద్దరు కూలీలను పంపాడు. ఎల్లయ్య కూడా బావులు తవ్విన మనిషే. తన కందిలి తనే తెచ్చుకున్నాడు.

బాబా మియా సైకిల్ మీద వచ్చి ఈ సంగతి చెప్పగానే మామ మంచం దిగాడు. నిలబడలేకపోతున్నాడు. అత్తా నేనూ చెరో పక్క పట్టుకున్నాం. అత్త రెండో చేతిలో ఒక కోడిపెట్ట ఉంది. మామ బతికితే ఆ తొట్టి దగ్గరే కోసిస్తానని మైసమ్మకు మొక్కుకుంది. ఎటూ పోతున్నాం కదా, మొక్కు తీర్చేస్తానంది.

మేం చేరేసరికి నీళ్ళు తోడేసి, పలక తీసి ఉంది. కందిలి లోపల ఉంది. ఎల్లయ్య ఒడ్డున కూర్చుని గాలి పీలుస్తూ, "పోయింది. వాసన లేదు" అంటున్నాడు.

నాకు దూరం నుంచే కంపు కొట్టింది.

"దిగకు!" అని మామ అరిచాడు. "వాసన పోలే. నీ ముక్కు పోయింది. దిగితే చస్తవు!"

ఎల్లయ్య నవ్వాడు. "నువ్వేనా పర్వతాలంటే? నీ పిరికి ముచ్చట మా కల్వకుర్తి దాంక వినవడ్డది. కందిలి వెలుగుతాంది, కనవడతలేదా?"

"నాకు గూడ వెలిగింది!"

"కాలు జారినోడు గిట్లనే చెప్తడు" అన్నాడు ఎల్లయ్య. మోకు కట్టుకోలేదు. నిచ్చెన పట్టుకుని లేచాడు.

మా అత్త ఇద్దరి మధ్య దూరింది. కాళ్ళు కట్టిన కోడిని ఒడ్డున పెట్టి, "మైసమ్మకు ఇచ్చినంకనే ఎవలన్న దిగుండ్రి" అంది, మొండిగా. ఆమె కత్తి కోసం వెనక్కి తిరగ్గానే కోడి రెక్కలు కొట్టుకుంటూ దొర్లి, తొట్టి మొహంలోంచి లోపలికి పడిపోయింది. నిచ్చెన పక్కన, ఎండి గడ్డకట్టిన జిడ్డు మీద పడింది. మునగలేదు.

కూలీలు పగలబడి నవ్వారు. "మైసమ్మ తనే తీసుకున్నది" అన్నాడొకడు. ఎల్లయ్య కూడా నవ్వుతూ, "ఆగు, నీ కోడిని తెచ్చిస్త అక్కా" అని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

కోడి రెక్కలు గట్టిగా కొట్టుకుంది. తల పైకెత్తి నోరు తెరిచింది. అరుపు రాలేదు. ఒక రెక్క విప్పార్చి అట్లాగే ఉండిపోయింది. దాని పక్కనే కందిలి ప్రశాంతంగా వెలుగుతోంది.

ఎల్లయ్య ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ఒడ్డు మీద ఉండి కోడినే చూస్తున్నాడు. మెల్లగా ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. నిచ్చెన వదిలాడు. దూరంగా నడిచిపోయి, నేల మీద కూలబడి, ఆయాసపడ్డాడు.

అమరేందర్ సారు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. "పలకలన్నీ పగలగొట్టుండ్రి. ఎవ్వలు దిగొద్దు" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మామ ఎల్లయ్య పక్కన కూర్చుని వీపు మీద చేయి వేశాడు. ఎల్లయ్య ఆ చేతిని పట్టుకుని, ఉన్నట్టుండి లేచాడు.

"అన్నా, మా తమ్ముడు! మా లింగస్వామి! గుత్తేదారు వాన్ని కల్వకుర్తి కాడ ఇంకో నూనె మిల్లుకు తోలిండు. ఇయ్యాల్నే. గీ పనికే."

మామ నిలబడబోయి పడిపోయాడు. "ఫోను సారూ, ఫోను!" అన్నాడు కింద నుంచే.

అందరం ఆఫీసు గదికి పరుగెత్తాం. సారు కల్వకుర్తి మిల్లుకు ట్రంకాల్ బుక్ చేశాడు. లైను కలవలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ. ఎల్లయ్య గోడకు తల ఆనించుకుని, ఎవరికో దండం పెడుతూ ఉన్నాడు. బాబా మియా మామను మోసుకొచ్చి గడప మీద కూర్చోబెట్టాడు. చివరికి అవతల ఎవరో ఎత్తారు. సారు పేరు చెప్పి, లింగస్వామి ఎక్కడ అని అడిగాడు. ఆయన విన్న జవాబును మాకు అట్లాగే చెప్పాడు. "మూత తీసిండ్రట. వాసన పోయేదాంక ఆగుదమని కూసున్నరట."

"దిగనియ్యకుండ్రి!" అని మామ గడప మీద నుంచి అరిచాడు. సారు ఆ మాటే ఫోన్‌లో అరిచాడు. అవతలి మనిషి రిసీవర్ బల్ల మీద పెట్టి పోయినట్టున్నాడు. సారు రిసీవర్ ఎల్లయ్య చేతికిచ్చాడు. ఎల్లయ్య దాన్ని చెవికి అదుముకుని నిలబడ్డాడు. సారు గోడ గడియారం వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. మా అత్త నా చేయి ఎప్పుడు పట్టుకుందో తెలియదు, గోళ్ళు దిగాయి.

చాలాసేపటికి అవతల "అన్నా" అనే గొంతు వినిపించినట్టుంది, ఎల్లయ్య ముఖం కదిలింది.

"లింగా," అన్నాడు, "తిన్నవారా?"